ఒక చరణం తక్కువైన ప్రింటు

యేసు మరియ జోజప్పల తోడుతో

గుణదల,
ఏప్రిల్ 26, శనివారం.

నా బంగారుతల్లి కీర్తనకు, మీ నాన్న నిండు మనసుతో దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, మన ఇల్లూ, పెరట్లో నువ్వు నాటి వెళ్ళిన కరివేపాకు చెట్టూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ తోటి వాళ్ళూ, సుపీరియర్ సిస్టర్ గారూ చల్లగా ఉండాలని రోజూ పూజలో మరియమ్మ తల్లిని అడుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు ఆలస్యమైనందుకు నాన్న మీద కోపం పెట్టుకోకు తల్లీ. ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికే ఇన్ని కాగితాలు పట్టాయి.

మే ముప్పై ఒకటిన నీ మొదటి మాటపట్టు, సిస్టరుగా దేవుడికి మాట ఇచ్చే పండుగ, ఖాయమైందని చదివాక నా కాళ్ళు నేల మీద నిలవలేదమ్మా. పోస్ట్‌మ్యాన్‌ను ఆపి మరీ చదివి వినిపించాను. పాపం ఆ ఎండలో సైకిల్ పట్టుకుని పూర్తిగా విన్నాడు. వెంటనే వెళ్ళి కిలో బందరు లడ్డు తెచ్చి వీధి వీధంతా పంచాను. ఈస్టరు ముందు తపస్సు కాలంలో తీపి ముట్టమని మొక్కుకున్న వాళ్ళు కూడా, "కీర్తన కోసం ఒక్కటి" అని తిన్నారు. మురుగు కాలవ దగ్గర నాతో గొడవపడి మూడు నెలలుగా మొహం తిప్పుకుంటున్న ఎదురింటి వాళ్ళకి కూడా ఇచ్చాను. వాళ్ళు రెండు తీసుకున్నారు. అరవై ఎనిమిదేళ్ళ బతుకులో నాకు ఇంత సంతోషం రెండేసార్లు. ఒకటి పద్నాలుగేళ్ళు ఎదురుచూశాక నువ్వు పుట్టిన రోజు, రెండోది ఈ ఉత్తరం వచ్చిన రోజు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. మోకాలు అలాగే ఉంది, మెట్లు దిగేటప్పుడు మాత్రం పాత ప్రొజెక్టర్ లాగా చప్పుడు చేస్తోంది. షుగరు మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఉదయం కూడా అన్నమే తింటున్నానా అని అడిగావు. అబద్ధం ఎందుకు, తింటున్నాను. మన వీడియోల ఛానల్ ఎలా నడుస్తోందని అడిగావు. దాని సంగతి కొంచెం పెద్దది.

చివర్న నువ్వు అడిగిన మాట ఉందే, అది మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. మాటపట్టు ముందు రోజు సాయంత్రం మీ మఠంలో హాల్లో అందరూ కూర్చుని, ఒక్కొక్కరు తమ ఇంటివాళ్ళని తెర మీద చూపించుకుంటారనీ, "నాన్నా, అమ్మ ఫోటో ఏదైనా ఉందా, నాకు అమ్మ మొహం గుర్తులేదు" అనీ రాశావు. అమ్మ పోయేనాటికి మూడేళ్ళ పిల్లవి, నీకెలా గుర్తుంటుంది. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో, చూడలేక నేను పెట్టె అడుగున దాచి నీకెప్పుడూ చూపించనిది, మొన్న బుడమేరు వరదలో నాని, రంగులు కరిగి, అందులో మీ అమ్మా లేదు, నేనూ లేను. నువ్వు బాధపడతావని ఆ సంగతి నీకు రాయలేదు.

కానీ తల్లీ, నా దగ్గర ఇంకొకటి ఉంది. ఫోటో కాదు. మీ అమ్మ నడిచే, నవ్వే బొమ్మ. పదకొండు సెకన్లు.

ఒక పాత సినిమా. పేరు రాసినా నీకు తెలియదు, రెండు వారాలకే హాల్లోంచి లేచిపోయింది. అందులో ఒక పాటను ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవులో తీశారు. అప్పటికి మీ అమ్మకు పెళ్ళి కాలేదు. కొండపల్లిలో మీ అమ్మమ్మ చెక్క బొమ్మలకు రంగులు వేసేది కదా, ఆ బొమ్మల బుట్ట నెత్తిన పెట్టుకుని మీ అమ్మ తెరేసమ్మ పడవ ఎక్కడానికి రేవుకు వచ్చింది. షూటింగ్ వాళ్ళు, "అమ్మాయ్, మామూలుగా నడిచిపో, కెమెరా వైపు చూడకు" అన్నారట. పాట రెండో చరణంలో హీరోయిన్ వెనకాలగా మీ అమ్మ నడిచి వెళ్తుంది. ఎవరో పిలిస్తే తిరిగి కెమెరా వైపే చూసి, నవ్వేసి, వెంటనే చేత్తో నోరు మూసుకుంటుంది. నువ్వు నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటావే, అచ్చం అలాగే.

ఆ రీలు ముక్క అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఉంది. వరద నీళ్ళు అటక దాకా రాలేదు, దేవుడి దయ. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో కాస్త ఆగి చెప్తాను.

దాన్ని పట్టుకుని సందు చివర నెట్ సెంటర్ యేసుబాబు దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, దీన్ని తిప్పే మిషను ఇప్పుడు ఎక్కడుంటుంది?" అన్నాడు. చివరికి ట్యూబ్‌లైటు మీద తెల్ల అద్దం పెట్టి, దాని మీద రీలు పెట్టి, ఒక్కొక్క బొమ్మా ఫోన్‌తో ఫోటో తీశాం. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. మీ అమ్మ ఉన్నంత మేర మొత్తం రెండు వందల అరవై నాలుగు. మూడు రోజులు పట్టింది. నేను పట్టుకోవడం, అతను నొక్కడం. నా చేతులు వణికితే, "బాబాయ్, పిన్ని వణుకుతోంది" అనేవాడు. వాటిని వరసగా పేర్చితే మీ అమ్మ నడిచింది.

రీలు అంచున సన్నటి గీతలా శబ్దం ఉంటుంది. దాన్ని వినిపించే సాధనం మాకు దొరకలేదు. అందుకని యేసుబాబు అదే పాటను ఎక్కడి నుంచో పట్టి బొమ్మ కింద పెట్టాడు. పదకొండు సెకన్ల బొమ్మను ఆరుసార్లు తిప్పి నిమిషం వీడియో చేశాడు. పెన్ డ్రైవులో వైరస్ వచ్చి మీ కంప్యూటర్ పాడైందనీ, ఇక లింకులే పంపమన్నారనీ నువ్వే రాశావు కదా. అందుకని నువ్వు నాకు పెట్టి ఇచ్చిన 'ఆపరేటర్ అభిమాని' ఛానల్లోనే ఎక్కించాం.

అరగంట కాకముందే తీసేశారు.

ఇంగ్లీషులో ఏదో వచ్చింది. యేసుబాబు ఆ సాయంత్రమే బందరులో అత్తగారింటి శుభకార్యానికి వెళ్ళాడు. చదివిపెట్టే వాళ్ళు లేరు. నాకు అర్థమైంది ఒక్కటే, వీడియో ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు సినిమా హాలు క్యాబిన్‌లో ప్రొజెక్టర్ నడిపిన మనిషిని నేను. రీలు తెగితే ఆపరేటర్ చేసేది ఒకటే పని. కింద జనం ఈలలు వేసే లోపల తెగిన చోట అతికించి మళ్ళీ నడిపించడం. కారణాలు అడుగుతూ కూర్చుంటే కుర్చీలు విరుగుతాయి. నేనూ అదే చేశాను. మళ్ళీ ఎక్కించాను. తీసేశారు. పేరు మార్చి ఎక్కించాను. తీసేశారు. మొదట్లో రెండు సెకన్లు కోసి ఎక్కించాను. అలా నాలుగు రోజుల్లో ఏడుసార్లు. ప్రతిసారీ ఇంగ్లీషు ఉత్తరం పెద్దదవుతూ వచ్చింది. కళ్ళు మంటలు, మెడ నొప్పి. చిన్న తెర మీద పెద్ద వేలు పెట్టి ఒక అక్షరం నొక్కితే ఇంకోటి పడుతుంది. పద్దెనిమిది రీళ్ళ సినిమా ఒంటి చేత్తో ఆడించినప్పుడు కూడా నేను ఇంత అలిసిపోలేదమ్మా.

యేసుబాబు తిరిగొచ్చి అవన్నీ చదివి తల పట్టుకున్నాడు.

"ఏం చేశారు బాబాయ్? ఇది రీలు తెగడం కాదు. వాళ్ళు తలుపేశారు. మీరు ఏడుసార్లు తన్నారు."

"ఎవరు వేశారు?"

"సినిమా తీసినవాళ్ళ కంపెనీ. ముందు పాట వినపడగానే మిషను ఆపింది. మీరు ఆగకపోయేసరికి మనుషులే దిగి ఫిర్యాదు పెట్టారు. మూడు ఫిర్యాదులయ్యాయి. వారంలో మనం ఏమీ చెప్పుకోకపోతే ఛానల్ మొత్తం తీసేస్తారు."

నువ్వు వెళ్ళే ముందు మొదలుపెట్టింది కలిపి, రెండేళ్ళుగా పెట్టుకున్నవి నూట నలభై వీడియోలు. పాత హాళ్ళ కరపత్రాలు, మొదటి రోజు ఆటలకు అభిమానులు కట్టిన దండల ఫోటోలు, తెగిన ఫ్రేములు చూపిస్తూ నేను చెప్పుకున్న కబుర్లు. తొమ్మిది వందల మంది చూసేవాళ్ళు. వాటిలో మొట్టమొదటి దాంట్లో కరపత్రం చదివే గొంతు నీది.

"ఒక దారి ఉంది" అన్నాడు యేసుబాబు. "ఇక్కడ టిక్కు పెట్టి, ఇది నాదే, మీరు పొరపాటున తీశారు అని సంతకం చేస్తే మళ్ళీ పెడతారు. వాళ్ళు కోర్టుకు వెళ్తే తప్ప. పదకొండు సెకన్లకి ఎవరు వెళ్తారు బాబాయ్? రీలు మీ దగ్గరే ఉందిగా, మీదే."

నా వేలు దాని మీద దాకా వెళ్ళింది. పెట్టలేకపోయాను. మరునాడు చూద్దామని లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ మాట చెప్తాను తల్లీ. ఇన్ని పేజీలు చుట్టూ తిరిగాను. ఆ రీలు నాకు దొరకలేదు, ఎవరూ ఇవ్వలేదు. నేను దొంగిలించాను.

ఎనభై ఆరో సంవత్సరం. మాకు పెళ్ళయి ఏడాది. మీ అమ్మ రోజూ మధ్యాహ్నం కారియర్ తెచ్చి, నేను తినేదాకా క్యాబిన్‌లో కూర్చునేది. ఒక రోజు కిటికీ కన్నంలోంచి తెర వైపు చూసి, "అది నేనే" అంది. నేను నమ్మలేదు. తర్వాతి ఆటలో నేనూ చూశాను. ఆ రెండు వారాలూ రోజుకు నాలుగు ఆటలు, ఆ చరణం వచ్చేసరికి నేను రీలు వదిలేసి కన్నం దగ్గర నిలబడేవాణ్ణి. నన్ను ఎవరి అభిమానివి అని మన ఛానల్లో ఎంతమంది అడిగారో. ఆ హీరో పేరూ ఈ హీరో పేరూ చెప్పేవాణ్ణి. నిజం ఇదీ.

సినిమా లేచిపోయే రోజు వచ్చింది. ప్రింటు పెట్టెలో సర్దేముందు ఆ చరణం మొత్తం, నూరు అడుగులు పైనే, కత్తిరించి, మిగిలిన రెండు కొసలూ అతికించేశాను. కొత్త పెళ్ళాం మొహం డబ్బాలో పెట్టుకుని సంబరంగా ఇంటికి వెళ్ళాను.

ఆ ప్రింటు వెంట వచ్చిన రిప్రజెంటేటివ్ దుర్గాప్రసాద్ గారు. ఆ రోజుల్లో ప్రింటుతో పాటు ఒక మనిషి వచ్చి, టిక్కెట్ల లెక్క చూసుకుని, ఆడినన్నాళ్ళు ఆడించి, రీళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం చేసి తీసుకెళ్ళేవాడు. గాంధీనగర్‌లో సినిమాలు పంచే వాళ్ళ ఆఫీసులో వేసి చూస్తే చరణం లేదు. పాటల ముక్కలు అభిమానులకు అమ్ముకున్నాడని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. దొంగ అని పేరు పడ్డాక గాంధీనగర్‌లో ఇంకెవరూ పెట్టుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఈ సంగతి తెలిసిన రోజున మీ అమ్మ డబ్బా మూత పెట్టేసింది. "ఆయనకి చెప్పి రా. చెప్పేదాకా నేను దీన్ని చూడను" అంది. రేపు వెళ్తా, పండుగ తర్వాత వెళ్తా అన్నాను. పదహారేళ్ళు అన్నాను. ఆవిడ ఆ డబ్బా మళ్ళీ తెరవలేదు. తెరవకుండానే వెళ్ళిపోయింది.

అలాంటిది, ఇది నాదే అని ఇప్పుడు టిక్కు ఎలా పెట్టను?

దుర్గాప్రసాద్ గారు పటమటలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారని నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ రోడ్డున వెళ్ళవలసి వస్తే అవతలి పక్కన నడిచేవాణ్ణి. మట్టల ఆదివారం ముందు శుక్రవారం, పూజ నుంచి అటే బస్సెక్కాను. కొట్లో ఆయన కూర్చుని ఉన్నారు, భార్య ఉషమ్మ గారు మినప్పప్పు చెరుగుతున్నారు. నిలబడే మొత్తం చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం.

ముందుగా ఉషమ్మ గారే చేట కింద పెట్టి అన్నారు, "గుణదల నుంచి పటమటకి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టిందా అన్నయ్యగారూ? బస్సులో పావుగంటేగా."

"నువ్వు ఉండవే" అన్నారాయన. తర్వాత నా వైపు చూసి, "మా నాన్న పోయేదాకా నేను దొంగననే అనుకున్నాడు శౌరయ్యా. ఆయనకి ఎవరు చెప్తారు? నువ్వెళ్ళి చెప్తావా?" అన్నారు.

ఇంతలో ఒకాయన అరకిలో పంచదార అడిగాడు. దుర్గాప్రసాద్ గారు లేచి తూచి ఇచ్చి, చిల్లర ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"ఏముంది అందులో? ఏ డాన్సు కోసం కోశావు?"

ఫోన్ తీసి వేసి చూపించాను. చూశారు. కళ్ళజోడు తుడుచుకుని, "మళ్ళీ వెయ్యి" అన్నారు. వేశాను.

"ఈవిడ కారియర్ తెచ్చే ఆవిడ కదూ?"

"అవునండీ. మా తెరేసమ్మ."

"నాకూ ఒక గరిటె పెట్టేది" అన్నారు. "చేపల పులుసు."

క్షమించానని ఆయన అనలేదమ్మా. నేనూ అడగలేదు. లేచేటప్పుడు మాత్రం ఒక మాట అన్నారు. "నాకు డబ్బులు వద్దు, దండలు వద్దు. ఆ కంపెనీ కాగితం మీద, ఈ మనిషి తియ్యలేదు అని ఒక ముక్క రాసిమ్మను. మా మనవరాలికి చూపించుకుంటా."

ఇంటికొచ్చి కంపెనీకి నాలుగు పేజీలు తెలుగులోనే రాశాను. ఫిర్యాదు కింద ఉన్న పేరు రామతులసి గారు, హైదరాబాదు. రిజిస్టర్ పోస్టు చేశాను. ఈలోగా వారం గడువు అయిపోయింది, పవిత్ర గురువారం నాడు ఛానల్ మూసేశారు. యేసుబాబు నా బదులు తిట్టుకున్నాడు. నాకు తిట్టుకోవడానికి కూడా ఓపిక లేదు. నీ గొంతు ఉన్న వీడియో పోయిందనే ఒక్క బాధ.

పాస్కా పండుగ మరునాడు ఫోన్ వచ్చింది. రామతులసి గారే. ఆ సినిమా తీసిన నిర్మాత గారి కూతురు. అప్పట్లో కృష్ణా జిల్లాకు పంచిందీ ఆయనేనట.

"శౌరయ్య గారూ, మా దగ్గర మిగిలింది ఒక్కటే ప్రింటండీ" అన్నారు. "మిగతావన్నీ పాడైపోయాయి. దాంట్లో ఆ చరణం లేదు. పాట విడిగా రికార్డులో ఉంది, బొమ్మ లేదు. అక్కడికి రాగానే ఎగిరిపోతుంది. మా నాన్నగారు చివరిదాకా దాని గురించే బాధపడేవారు."

"కోసింది నేనేనండీ" అన్నాను.

"చదివాను. మూడుసార్లు చదివాను." అన్నారు. "మీ మీద కోపం తెచ్చుకుందామనే ఫోన్ చేశాను. తీరా మీరు కోసి ఉండకపోతే అది కూడా పాడైపోయేది. ఏమనాలో తెలియడం లేదు."

మొన్న గురువారం ఆవిడ స్వయంగా విజయవాడ వచ్చారు. నేను కోరినట్టే నేరుగా పటమటకు వచ్చారు. కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తండ్రిగారి పేరున్న కాగితం మీద రాసిన ఉత్తరం దుర్గాప్రసాద్ గారికి రెండు చేతులతో ఇచ్చారు. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివారు. ఉషమ్మ గారు అందరికీ మజ్జిగ ఇచ్చారు. నాకూ ఇచ్చారు. నేను బిస్కెట్ల డబ్బా రామతులసి గారి చేతిలో పెట్టాను.

ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటానన్నారు. ఛానల్ తిరిగి వస్తుందో రాదో యేసుబాబు కనుక్కుంటున్నాడు. నాకింక ఆ టిక్కులూ ఆ ఇంగ్లీషూ వద్దు తల్లీ, చాలా అలిసిపోయాను. ఆ ముక్కను మంచి మిషను మీద ఎక్కించి, మీ మఠానికి లింకు తానే పంపుతానని ఆవిడ మాట ఇచ్చారు. పంపితే సంతోషమే. పనులున్న మనిషి, మే ముప్పైకి అందుతుందో లేదో.

అందుకని ఆవిడ కారు ఎక్కబోతుంటే ఒక మాట అడిగాను. "అమ్మా, ఒక్క బొమ్మ. రెండు వందల అరవై నాలుగింటిలో ఒక్కటి మా అమ్మాయికి ఇస్తారా?" ఆవిడ డబ్బా తెరిచి, "మీరే తీయండి" అన్నారు. దుర్గాప్రసాద్ గారు కొట్లోంచి కత్తెర తెచ్చి నా చేతికిచ్చారు. సరుకుల పొట్లాల దారం కోసే కత్తెర. రీలు అవతలి కొస ఆయనే పట్టుకున్నారు.

ఈ కాగితాల మధ్య చిన్న తెల్ల కవరు ఉంటుంది చూడు. జాగ్రత్తగా తెరువు. అంచులు పట్టుకో, మధ్యలో వేలు పెట్టకు. వెలుతురు వచ్చే కిటికీ దగ్గర నిలబడి కంటికి దగ్గరగా పెట్టుకో. ముందు నీలి చీరలో ఉన్నది హీరోయిన్, ఆవిణ్ణి వదిలెయ్యి. ఆవిడ భుజం పక్కనుంచి చూడు. నెత్తిన బుట్ట, బుట్టలో రంగులు వేసిన చెక్క ఏనుగు. ఇంకా చెయ్యి నోటి దాకా వెళ్ళలేదు. నవ్వుతోంది.

మీ అమ్మ చూడనన్నది కదా. ఆవిడ బదులు నువ్వు చూడమ్మా. ఈసారి అడిగే కత్తిరించాను.

మే ముప్పై ఒకటికి చేరేలా రైలు టిక్కెట్టు తీసుకున్నాను. దుర్గాప్రసాద్ గారు, "నేనూ వస్తా, కారియర్ ఋణం ఉంది" అన్నారు. ఆయనకూ కింది బెర్తే దొరికింది.

ఇట్లు,
నీ మాటపట్టు రోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్న
మీ నాన్న,
శౌరయ్య